ఎస్‌ఐ కావాలంటే ఏం కావాలి, స్టేషన్ చేతికొచ్చాక ఏం చేయాలి

"డిగ్రీ అయింది, ఎస్‌ఐకి అప్లై చేయొచ్చా?" "ఎత్తు 167 ఉన్నాను, సరిపోతుందా?" "ఎస్‌ఐ అంటే అసలు రోజంతా ఏం చేస్తారు?" ఈ మూడు ప్రశ్నలూ మళ్లీ మళ్లీ వస్తున్నాయి. మొదటి రెండింటికి జవాబు నోటిఫికేషన్‌లోనే ఉంటుంది. మూడోదానికి కోచింగ్ సెంటర్లో ఎవరూ జవాబు చెప్పరు, అందుకే ఇక్కడ దానికే ఎక్కువ చోటిచ్చాను. పరీక్షలో మీ లెక్కలు, మీ పరుగు, మీ జ్ఞాపకశక్తి చూస్తారు. ఉద్యోగంలో మాత్రం ఏఎస్‌ఐ, హెడ్ కానిస్టేబుళ్లు, కానిస్టేబుళ్లు, హోంగార్డులు చేసిన పని కింద మీ సంతకం ఉంటుంది. వాళ్ల పని తప్పితే జవాబుదారీ మీరే. కాబట్టి నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తున్నవాళ్లు కూడా రెండో భాగం చదవండి.

ఇక్కడ చెప్పేదంతా సివిల్ ఎస్‌ఐ, అంటే పోలీస్ స్టేషన్లలో పనిచేసే ఎస్‌ఐ గురించి. ఏఆర్ (ఆర్మ్‌డ్ రిజర్వ్), స్పెషల్ పోలీస్ బెటాలియన్లలోని ఆర్‌ఎస్‌ఐల (రిజర్వ్ ఎస్‌ఐల) పని వేరు, వాళ్ల దేహదారుఢ్య పరీక్షల లెక్కలు కూడా కొంత వేరు. పల్లెల్లో, మండల కేంద్రాల్లో చాలాచోట్ల ఎస్‌ఐయే స్టేషన్ హౌస్ ఆఫీసర్ (ఎస్‌హెచ్‌వో), అంటే స్టేషన్ బాధ్యుడు, పైన సర్కిల్ ఇన్‌స్పెక్టర్ ఉంటారు. హైదరాబాద్ లాంటి కమిషనరేట్లలో ఎస్‌హెచ్‌వో ఇన్‌స్పెక్టర్ అవుతారు, ఎస్‌ఐలు ఆయన కింద సెక్టార్లు, కేసులు చూస్తారు. పని ఒకటే, బరువు పంచుకోవడంలోనే తేడా.

మొదటి భాగం: ఉద్యోగం దాకా

దగ్గర పెట్టుకోవాల్సినవి:

- డిగ్రీ ప్రొవిజనల్ లేదా ఒరిజినల్, మార్కుల మెమోలు
- పదో తరగతి మెమో (పుట్టిన తేదీకి ఇదే ఆధారం)
- స్కూలు బోనఫైడ్ సర్టిఫికెట్లు. 2022 నోటిఫికేషన్లలో స్థానికతకు తెలంగాణలో 1 నుంచి 7వ తరగతి వరకు, ఆంధ్రప్రదేశ్‌లో 4 నుంచి 10వ తరగతి వరకు చదువు చూపించాల్సి వచ్చింది
- కుల ధ్రువీకరణ పత్రం, బీసీలకు నాన్ క్రీమీలేయర్, ఈడబ్ల్యూఎస్ అయితే ఆ సర్టిఫికెట్
- మీ మీద ఎప్పుడైనా కేసు నమోదై ఉంటే దాని ఎఫ్‌ఐఆర్, కోర్టు తీర్పు కాపీలు

చివరిది చూసి నవ్వుకోకండి. అది లేక ఉద్యోగం చేజారిన వాళ్లున్నారు. వివరం నాలుగో మెట్టులో.

1. మీ అర్హత మీరే తేల్చుకోండి. గుర్తింపు పొందిన విశ్వవిద్యాలయం నుంచి ఏదైనా డిగ్రీ చాలు. ఫలితం నోటిఫికేషన్‌లో చెప్పిన తేదీకల్లా వచ్చి ఉండాలి, "ఫైనల్ ఇయర్ రాశాను" అంటే కుదరదు. కనీస వయసు 21. గరిష్ఠ వయసు ఆంధ్రప్రదేశ్ 2022 నోటిఫికేషన్‌లో 27గా వచ్చింది, తెలంగాణలో మూల పరిమితి 25. రెండు ప్రభుత్వాలూ ఆ విడతలో అందరికీ కొంత సడలింపు ఇచ్చాయి. బీసీ, ఎస్సీ, ఎస్టీలకు ఉండే సడలింపు దీనికి అదనం. పాత సడలింపు కొత్త నోటిఫికేషన్‌కు దానంతట అదే రాదు. "పోయినసారి నా వయసువాళ్లు రాశారు" అనే ధీమాతో ఏడాది కోచింగ్ ఫీజు కట్టేయకండి.

2. టేపు పట్టి కొలుచుకోండి. పురుషులకు ఎత్తు 167.6 సెంటీమీటర్లు, మహిళలకు 152.5. ఆంధ్రప్రదేశ్‌లో పురుషులకు ఛాతీ 86.3 సెంటీమీటర్లు, ఊపిరి పీల్చినప్పుడు 5 సెంటీమీటర్లు పెరగాలి. మహిళలకు బరువు 40 కిలోలకు తగ్గకూడదు. ఏజెన్సీ ప్రాంత ఎస్టీ అభ్యర్థులకు ఈ కొలతలు తక్కువ. ఇంట్లో గోడకు నిలబడి పెన్సిల్ గీత గీసుకుంటే ఒకటి రెండు సెంటీమీటర్లు తేడా వస్తుంది. పాదరక్షలు లేకుండా, పొద్దున పూట, స్టేడియంలోనో ఆసుపత్రిలోనో ఉన్న స్టాండు మీద కొలిపించుకోండి. 167 దగ్గర ఆగినవాళ్లకు మొహమాటం లేకుండా చెప్పాలి: ఆరు మిల్లీమీటర్లు తక్కువైనా తక్కువే. ఆ వయసులో ఎత్తు పెంచే మందులని ఎవరు అమ్మినా కొనకండి.

కళ్లు ఇంకా ముఖ్యం. వర్ణాంధత్వం, మెల్లకన్ను ఉంటే వైద్య పరీక్షలో తీసేస్తారు. చదునైన పాదాలు, మోకాళ్లు తగులుకోవడం, ఉబ్బిన సిరలు, నత్తి, వినికిడి లోపం కూడా చూస్తారు. రంగులు గుర్తించే పరీక్షకు కంటి డాక్టరు దగ్గర కాసేపు చాలు. ఆ పని చదువు మొదలుపెట్టక ముందే చేయించుకోండి, రెండేళ్లు చదివాక కాదు.

3. పరీక్షల క్రమం చూసి చదవండి, పరిగెత్తండి. ముందు ప్రిలిమ్స్, తర్వాత దేహదారుఢ్య పరీక్షలు, చివర ఫైనల్ రాతపరీక్ష. ప్రిలిమ్స్‌లో అరిథ్‌మెటిక్, రీజనింగ్ సగం, జనరల్ స్టడీస్ సగం. ఆంధ్రప్రదేశ్‌లో 411 పోస్టులకు 2022 నవంబరు 28న నోటిఫికేషన్ వస్తే 2023 ఫిబ్రవరి 19న ప్రిలిమ్స్ పెట్టారు. మూడు నెలలు కూడా లేవు. నోటిఫికేషన్ వచ్చాక మొదలుపెడదామనుకునేవాళ్లు ఈ రెండు తేదీలూ గోడ మీద రాసి పెట్టుకోండి.

పరుగు విషయంలో రెండు రాష్ట్రాల లెక్క ఒకటి కాదు. ఆంధ్రప్రదేశ్ 2022 నోటిఫికేషన్ ప్రకారం సివిల్ పురుషులు 1600 మీటర్లు 8 నిమిషాల్లో, మహిళలు 10 నిమిషాల 30 సెకన్లలో పూర్తి చేయాలి. దానితో పాటు 100 మీటర్ల పరుగు (పురుషులు 15 సెకన్లు, మహిళలు 18), లాంగ్‌జంప్ (3.80 మీటర్లు, 2.75 మీటర్లు), ఈ రెండింట్లో ఒకటి గెలిస్తే చాలు. తెలంగాణలో 2022లో పురుషులకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లు, మహిళలకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లు పెట్టారు. లాంగ్‌జంప్ 4 మీటర్లు, 2.50 మీటర్లు. షాట్‌పుట్ పురుషులకు 7.26 కిలోల గుండు 6 మీటర్లు, మహిళలకు 4 కిలోలది 4 మీటర్లు.

ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు: ప్రిలిమ్స్ ఫలితాలు వచ్చాక గ్రౌండుకు వెళ్లడం. నెల రోజుల్లో పరుగు రాదు, పిక్క కండరం మాత్రం పట్టేస్తుంది. రెండో తప్పు తారు రోడ్డు మీదే సాధన చేయడం. మట్టి ట్రాకు మీద అదే వేగం వస్తుందో లేదో చూసుకోండి. సరిచూసుకునే పద్ధతి ఒకటే. వారానికోసారి వేరేవాళ్ల చేతికి స్టాప్‌వాచ్ ఇచ్చి, కొలిచిన దూరం మీద పరిగెత్తండి. ఫోను యాప్‌లో కనపడే దూరాన్ని నమ్మొద్దు. మీ రాష్ట్రం గడువు కంటే 20 సెకన్లు ముందే ముగించగలిగితేనే అసలు రోజున, ఎండలో, గుంపులో గట్టెక్కుతారు.

ఫైనల్స్‌లో ఇంగ్లిష్, తెలుగు పేపర్లు గట్టెక్కితే చాలు, ర్యాంకు లెక్కలోకి రావు. అందుకే చాలామంది వాటిని గాలికొదిలేస్తారు. స్టేషన్లో మీరు రోజూ చేసేది రాతపనే. ఫిర్యాదు సారాంశం రాయడం, వాంగ్మూలం రాయడం, పై అధికారికి రిపోర్టు రాయడం. ఆ రెండు పేపర్లకూ చదివిన చదువే ఉద్యోగంలో నేరుగా పనికొచ్చేది.

4. అటెస్టేషన్ ఫారంలో నిజం రాయండి. ఎంపికయ్యాక మీ నడవడిక మీద స్పెషల్ బ్రాంచి విచారణ చేస్తుంది. కాలేజీ గొడవలో పేరు, ఊళ్లో భూతగాదాలో పేరు, రాజీ అయిపోయిన కేసు, కొట్టేసిన కేసు, ఏదున్నా రాయండి. కేసు ఉండటం వేరు, దాచడం వేరు. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం మీద వివరంగా చెప్పింది. చిన్నపాటి కేసును నిజాయితీగా చెప్పినవాళ్ల విషయాన్ని శాఖ పరిశీలించొచ్చు. తెలిసీ దాచిపెడితే ఆ దాచడమే ఉద్యోగం తీసేయడానికి కారణం కావచ్చు. "లోక్ అదాలత్‌లో పోయింది కదా, ఇంకేముంది" అనే సలహా వినకండి.

వేరే దారి: కానిస్టేబుల్‌గా చేరి హెడ్ కానిస్టేబుల్, ఏఎస్‌ఐ మీదుగా పదోన్నతిపై ఎస్‌ఐ కావడం. ఏళ్లు పడుతుంది. అలా వచ్చినవాళ్లకు స్టేషన్ నాడి తెలిసి ఉంటుంది, నేరుగా వచ్చినవాళ్లు వాళ్ల దగ్గరే పని నేర్చుకుంటారు. కానిస్టేబుల్‌గా ఉంటూనే నేరుగా ఎస్‌ఐ పరీక్ష రాసి నెగ్గేవాళ్లూ ఉన్నారు.

శిక్షణ గురించి ఎక్కువ చెప్పను. ఎస్‌సీటీ (స్టైపెండరీ కేడెట్ ట్రైనీ) ఎస్‌ఐగా సుమారు ఏడాది. తెలంగాణవాళ్లకు హైదరాబాద్ హిమాయత్‌సాగర్‌లోని పోలీస్ అకాడమీ, ఆంధ్రప్రదేశ్‌లో అనంతపురం పోలీస్ శిక్షణ కళాశాల పేరున్నవి. అక్కడ చట్టం, డ్రిల్లు, ఆయుధాలు నేర్పిస్తారు. ఏఎస్‌ఐ మీ నాన్న వయసువాడైతే ఆయన చేత పని ఎలా చేయించాలో నేర్పే పీరియడ్ మాత్రం ఉండదు.

రెండో భాగం: స్టేషన్ చేతికొచ్చాక

5. లెక్క చూసుకోకుండా చార్జి తీసుకోకండి. పాత ఎస్‌ఐ బదిలీ మీద వెళ్లే తొందరలో ఉంటారు. "అన్నీ కరెక్టే, సంతకం పెట్టు తమ్ముడూ" అంటారు. ఆ రోజు ఒక పూట ఆలస్యమైనా ఫర్వాలేదు. వరుసగా ఇవి చూడండి:

- ఆయుధాలు, తూటాలు: రిజిస్టరు దగ్గర పెట్టుకుని నంబర్లతో సహా లెక్కపెట్టండి. ఒక్క తూటా తేడా వచ్చినా అక్కడికక్కడే రాయించండి.
- స్వాధీనం చేసుకున్న సొత్తు: బంగారం, నగదు, గంజాయి, సెల్‌ఫోన్లు. సీలు ఉందా, సీలు మీద సంతకాలున్నాయా, ఏ కేసుదో చీటీ ఉందా. కోర్టుకు పంపామన్నదానికి కోర్టు రసీదు అడగండి.
- ఆవరణలో తుప్పు పట్టిన వాహనాలు: ఏది ఏ కేసుదో జాబితా. ఇంజన్ నంబరు, టైర్లు, బ్యాటరీలు ఉన్నాయో లేవో కూడా.
- పెండింగ్ కేసుల సీడీ (కేసు డైరీ) ఫైళ్లు: ప్రతి ఫైలూ చేతిలోకి తీసుకోండి. "సీఐ గారి ఆఫీసులో ఉంది" అన్న ఫైలు నిజంగా అక్కడుందో ఫోన్ చేసి అడగండి.
- అమలు కాని వారంట్లు, జవాబివ్వని కోర్టు మెమోలు.
- లాకప్: ఎవరైనా ఉన్నారా, ఉంటే ఏ పత్రం మీద ఉన్నారు.
- సీసీ కెమెరాలు: తెర మీద బొమ్మ రావడం కాదు, నెల కిందటి రికార్డింగు తీసి చూడండి. పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో 2020లో సుప్రీంకోర్టు ప్రతి స్టేషన్లో కెమెరాలుండాలని, రికార్డింగు నెలల తరబడి భద్రంగా ఉండాలని చెప్పింది. అవి పనిచేస్తున్నాయో లేదో చూసుకునే బాధ్యత ఎస్‌హెచ్‌వోదే.

సరిపోయిందా అని తేల్చుకోవడానికి: లెక్క మీరు చదవకండి. రైటర్‌ను (స్టేషన్ రికార్డులు రాసే కానిస్టేబుల్‌ను) రిజిస్టరు చదవమని చెప్పి, వస్తువు మీ చేత్తో మీరు పట్టుకోండి. వస్తువు చూపిస్తూ రిజిస్టరూ ఆయనే చదివితే లేని వస్తువు కూడా ఉన్నట్టే వినిపిస్తుంది. తేడాలన్నీ చార్జి జాబితాలోనే రాసి, ఒక కాపీ సీఐకి పంపండి. ఇద్దరు అధికారులకూ ఇది మంచిదే. అనుమానించినట్టు ఉంటుందేమోనని మొహమాటపడకండి.

6. రోల్‌కాల్, డ్యూటీ పంపకం మీ చేతిలో ఉంచుకోండి. సెంట్రీ, రిసెప్షన్, కోర్టు డ్యూటీ, సమన్లు-వారంట్లు, బ్లూకోల్ట్స్ (బైకు గస్తీ), రాత్రి బీటు, సీసీటీఎన్‌ఎస్ (కేసుల వివరాలు ఎక్కించే కంప్యూటర్ వ్యవస్థ). ఎవరు ఏది చేస్తున్నారో పొద్దున పది నిమిషాల్లో చెప్పాలి. ఆ పది నిమిషాల్లో నిన్నటి నేరం, ఇవాళ్టి బందోబస్తు, కోర్టు వాయిదా కూడా చెప్పండి.

కొత్త ఎస్‌ఐలు పడే గోతి ఇక్కడే ఉంది. పనిచేసేవాళ్లు నలుగురు కనపడతారు. ప్రతి పనీ ఆ నలుగురికే వేస్తారు. ఆరునెలల్లో ఆ నలుగురూ అలిసిపోతారు, మిగతావాళ్లు పని మరిచిపోతారు. డ్యూటీ రోస్టరు గడిచిన నెలది తీసి, ఒక్కొక్కరికి ఎన్ని రాత్రులు పడ్డాయో లెక్కపెట్టండి. మహిళా సిబ్బందికి ఎప్పుడూ రిసెప్షనే పడుతోందా, హోంగార్డుకు వరుస రాత్రులు పడుతున్నాయా, తెలిసిపోతుంది. సెలవు అడిగినప్పుడు కుదరకపోతే ఎప్పుడిస్తారో తేదీ చెప్పండి. "చూద్దాం" అన్న మాటకే సిబ్బందికి ఎక్కువ కోపం వస్తుంది.

క్రమశిక్షణ విషయంలో మీ అధికారం ఎంతో తెలుసుకోండి. కానిస్టేబుల్‌ను సస్పెండ్ చేసేది మీరు కాదు, ఎస్పీ లేదా కమిషనర్. మీరు చేయగలిగింది జీడీలో (స్టేషన్ జనరల్ డైరీలో) రాయడం, వివరణ అడగడం, పైకి రిపోర్టు పంపడం. నలుగురి ముందు తిట్టడం ఇందులో ఏదీ కాదు. తాగి డ్యూటీకి వచ్చినవాడిని మాత్రం మాటలతో సరిపెట్టకండి, ఆయుధం తీసుకుని వెంటనే వైద్య పరీక్షకు పంపండి.

7. ఫిర్యాదు తిరిగి పోకుండా చూడండి. 2024 జూలై 1 నుంచి సీఆర్‌పీసీ (నేర విచారణ పద్ధతి చట్టం) బదులు బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) వచ్చింది. ఎఫ్‌ఐఆర్ ఇప్పుడు 173వ సెక్షన్. కాగ్నిజబుల్ నేరం (వారంటు లేకుండా అరెస్టు చేయగల నేరం) అని తెలిస్తే నమోదు చేయాల్సిందేనని 2013లోనే లలిత కుమారి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఘటన మీ పరిధిలో జరగకపోయినా జీరో ఎఫ్‌ఐఆర్ వేసి బదిలీ చేయాలి. మెయిల్ మీదో మరో ఎలక్ట్రానిక్ దారిలోనో వచ్చిన ఫిర్యాదు మీద మూడు రోజుల్లో ఫిర్యాదీ సంతకం తీసుకుని నమోదు చేయాలి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఫిర్యాదీకి ఉచితం.

మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ చేసుకోవచ్చు. దీన్ని "14 రోజులు ఆగొచ్చు" అని అర్థం చేసుకున్నవాళ్లు ఉన్నారు. అనుమతి కాగితం లేకుండా ఆగితే అది ప్రాథమిక విచారణ కాదు, ఫిర్యాదు తీసుకోకపోవడమే. కొన్ని రకాల నేరాల్లో, ముఖ్యంగా మహిళలపై లైంగిక నేరాల్లో, ఫిర్యాదు నమోదు చేయకపోతే ఆ అధికారి మీదే బీఎన్‌ఎస్ (ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహిత) 199 కింద కేసు పెట్టొచ్చు, జైలు శిక్ష కూడా ఉంది.

ఇక సెటిల్‌మెంట్లు. అప్పు, పొలం గట్టు, మొగుడూ పెళ్లాల తగువు... ఊరి పెద్దమనిషి వెంటబెట్టుకొచ్చి "మీరు ఒక మాట చెప్పండి సార్" అంటాడు. సివిల్ వివాదమైతే కోర్టుకో, లీగల్ సర్వీసెస్ అథారిటీకో వెళ్లమని కాగితం మీద రాసివ్వండి. మీ గదిలో డబ్బు చేతులు మారితే, మీరు రూపాయి ముట్టకపోయినా, తర్వాత దాన్ని నిరూపించుకునే భారం మీ మీదే పడుతుంది.

సరిచూసుకోవడం: వారానికోసారి రిసెప్షన్ రిజిస్టరు తీసి ఏవో మూడు పేర్లు ఎంచుకోండి. ఆ ముగ్గురికీ మీరే ఫోన్ చేసి "మీ ఫిర్యాదు ఏమైంది?" అని అడగండి. రిజిస్టర్లో "ఫిర్యాదీ సంతృప్తి చెందారు" అని ఉండి, ఫోనులో ఆయన ఏకరువు పెడితే లోపం ఎక్కడుందో మీకు తెలుస్తుంది. ఈ అలవాటున్న ఎస్‌ఐ స్టేషన్లో రైటర్ ఒళ్లు దగ్గర పెట్టుకుని రాస్తాడు.

8. అరెస్టు ప్రతిదీ మీ కళ్లముందు జరగాలి. ఎస్‌ఐల ఉద్యోగాలు పోయేది ఎక్కువగా ఇక్కడే. ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న కేసుల్లో అరెస్టు అవసరం లేకపోతే బీఎన్‌ఎస్‌ఎస్ 35(3) కింద హాజరు కమ్మని నోటీసు ఇవ్వాలి. సీఆర్‌పీసీలో పాత 41ఏ ఇదే. ఇలాంటి కేసుల్లో అవసరం లేని అరెస్టులు వద్దన్న సుప్రీంకోర్టు అర్నేశ్ కుమార్ తీర్పు 2014లో వచ్చింది, ఇప్పటికీ కోర్టులో మొదట అడిగేది దాన్నే. అరెస్టు ఎందుకు అవసరమైందో కారణాలు రాయండి, ఫారం మీద అన్ని గడులకూ టిక్కులు పెట్టి పంపకండి.

అరెస్టు చేస్తే ఈ వరుస తప్పొద్దు:

- కారణం చెప్పాలి, కాగితం మీద ఇవ్వాలి
- అరెస్టు మెమో మీద కుటుంబ సభ్యుడో ఊళ్లో గౌరవనీయుడో సాక్షి సంతకం
- బంధువుకు సమాచారం. ఎవరికి, ఏ సమయానికి చెప్పారో జీడీలో
- వైద్య పరీక్ష
- 24 గంటల లోపు మేజిస్ట్రేట్ ముందు. ప్రయాణ సమయం మినహాయింపు

మూడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరంలో 60 ఏళ్లు దాటినవారిని, అశక్తులను డీఎస్పీ అనుమతి లేకుండా అరెస్టు చేయకూడదు. మహిళను సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు అరెస్టు చేయకూడదు. తప్పనిసరైతే మహిళా అధికారి రాతపూర్వకంగా మేజిస్ట్రేట్ అనుమతి ముందే తీసుకోవాలి.

అందరూ చేసే తప్పు: మనిషిని రాత్రి తెచ్చి, అరెస్టు మరునాడు సాయంత్రం చూపించడం. సీసీ కెమెరా, సెల్ టవర్, తీసుకొచ్చిన ఆటోవాడు, అన్నీ ఆ అబద్ధాన్ని పట్టించేవే. మీరు ఇంటికెళ్లాక సిబ్బంది ఎవరినైనా "ఊరికే కూర్చోబెట్టారా" అని రాత్రి పన్నెండింటికి సెంట్రీకి ఫోన్ చేసి అడగండి. అప్పుడప్పుడు చెప్పకుండా వెళ్లి చూడండి. కస్టడీలో మనిషి చనిపోతే జ్యుడీషియల్ మేజిస్ట్రేట్ విచారణ జరుగుతుంది. "నేను లేను, హెడ్ కానిస్టేబుల్ తెచ్చాడు" అన్నది అక్కడ నిలబడే జవాబు కాదు.

9. దర్యాప్తు ఎవరిది, మీది ఎంత, తెలుసుకోండి. కొన్ని కేసులు మీరు నమోదు చేయాలి గానీ దర్యాప్తు చేయకూడదు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కేసు డీఎస్పీ స్థాయి అధికారిది. పెళ్లయిన ఏడేళ్ల లోపు మహిళ అనుమానాస్పదంగా చనిపోతే తహసీల్దార్‌కు వెంటనే చెప్పి శవపంచనామా చేయించాలి. పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసులో బాలిక వాంగ్మూలం వీలైనంతవరకు ఎస్‌ఐ స్థాయికి తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా, పిల్ల ఇంటి దగ్గరే తీసుకోవాలి. ఈ హద్దు తెలియక మంచి కేసులు కోర్టులో వీగిపోతాయి.

మీ కింద హెడ్ కానిస్టేబులో ఏఎస్‌ఐయో చూస్తున్న కేసులో ఈ తప్పులు వెతకండి:

- సాక్షి వాంగ్మూలం కింద సంతకం చేయించడం. బీఎన్‌ఎస్‌ఎస్ 180 కింద రాసిన వాంగ్మూలం మీద సాక్షి సంతకం ఉండకూడదని 181వ సెక్షన్ చెబుతోంది. "పక్కా ఉంటుందని" చేయిస్తారు, డిఫెన్స్ లాయరుకు అదే దొరుకుతుంది.
- మహిళలను, 15 ఏళ్లలోపు అబ్బాయిలను, 60 దాటిన పురుషులను సాక్షులుగా స్టేషన్‌కు పిలవడం. మనమే వాళ్లున్న చోటికి వెళ్లాలి.
- అందరి వాంగ్మూలాలూ ఒకే వాక్యాలతో ఉండటం. పేరు మార్చి పేస్ట్ చేశారని చదవగానే తెలుస్తుంది.
- సోదా, స్వాధీనం వీడియో తీయకపోవడం. బీఎన్‌ఎస్‌ఎస్ 105 ప్రకారం జాబితా రాయడం, సాక్షుల సంతకాలు కూడా రికార్డులో ఉండాలి. సెల్‌ఫోనుతో తీసినా చాలు. ఎప్పుడూ పిలిచే పాత పంచులనే (సోదా సాక్షులనే) మళ్లీ పిలవొద్దు.
- వీడియో, సీసీ ఫుటేజీకి భారతీయ సాక్ష్య అధినియమ్ 63 కింద సర్టిఫికెట్ లేకపోవడం. చార్జిషీటు నాడు అడిగితే దుకాణంవాడు ఊరు మారి ఉంటాడు. ఫుటేజీ తీసుకున్న రోజే తీసుకోండి.
- ఏడేళ్లు, ఆపై శిక్ష ఉన్న నేరంలో క్లూస్ టీమ్ (ఆధారాలు సేకరించే ఫోరెన్సిక్ బృందం) రాకముందే స్థలం తొక్కేయడం. తాడు కట్టి ఒక కానిస్టేబుల్‌ను నిలబెట్టడానికి ఖర్చేమీ లేదు.

సీడీ ఏరోజుకారోజు, పేజీ నంబర్లతో ఉండాలి. ఇది పాలు పితికినట్టే: రెండు పూటలు మానేసి మూడో పూట అంతా కలిపి పితుకుదామంటే కుదరదు. పరీక్షించే తీరు: ఏదో ఒక సీడీ తెరిచి, ఆ దర్యాప్తు అధికారి ఫలానా తారీఖున ఫలానా ఊరు వెళ్లానని రాసినదాన్ని ఆరోజు జీడీతో, వాహనం లాగ్‌బుక్కుతో పోల్చండి. మూడూ ఒకే మాట చెప్పాలి.

గడువుల కోసం గోడ మీద పెద్ద బోర్డు పెట్టండి. రిమాండ్ ఖైదీ ఉన్న ప్రతి కేసుకూ చార్జిషీటు గడువు ముగిసే 60వ రోజు లేదా 90వ రోజు తేదీ. మరణశిక్ష, యావజ్జీవం, పదేళ్లు ఆపై శిక్ష ఉన్న నేరాలకు 90, మిగతావాటికి 60. దాటితే నిందితుడు బెయిలు హక్కుగా అడుగుతాడు. ఆ తేదీకి పదిహేను రోజుల ముందే ఎర్ర గీత గీయండి, ఎందుకంటే ఎఫ్‌ఎస్‌ఎల్ (ఫోరెన్సిక్ ల్యాబ్) రిపోర్టు, పోస్ట్‌మార్టం రిపోర్టు ఆఖరి వారంలో గుర్తొస్తే రావు. బాధితులకు దర్యాప్తు ఎక్కడిదాకా వచ్చిందో 90 రోజుల్లోపు చెప్పాలని బీఎన్‌ఎస్‌ఎస్ 193లో ఉంది. దీన్ని మరిచిపోయే స్టేషన్లే ఎక్కువ.

10. రాత్రి గస్తీని కాగితం మీద నమ్మకండి. పాయింట్ బుక్‌లో రాత్రి ఒంటిగంట, రెండు, మూడు సంతకాలు ఒకే పెన్నుతో, ఒకే వాలుతో ఉంటే ఒకేసారి పెట్టినవే. నెలలో కొన్నిసార్లు చెప్పకుండా బీటు మీద వెళ్లండి. ఏటీఎం కాపలావాడిని, టీకొట్టువాడిని అడగండి. తాళం వేసిన ఇళ్ల సమాచారం బీటు కానిస్టేబుల్ దగ్గర ఉందో లేదో చూడండి. పండగ సెలవులకు ఊరెళ్లే ముందు స్టేషన్లో చెప్పి వెళ్లమని మనమే ప్రచారం చేస్తాం, తీరా చెబితే ఆ చీటీ టేబుల్ సొరుగులో ఉంటుంది.

11. బందోబస్తుకు ముందురోజే నడిచి చూడండి. వినాయక నిమజ్జనమైనా, జాతరైనా, ఎన్నికలైనా ఊరేగింపు దారి మొత్తం నడవండి. వేలాడే కరెంటు తీగలు, ఇరుకు మలుపు, చెరువు దగ్గర లోతు. ఎవరు ఏ పాయింటులో ఉండాలో పేరుతో రాసివ్వండి. నీళ్లు, తిండి, మహిళా సిబ్బందికి మరుగుదొడ్డి ఎక్కడో కూడా అదే కాగితం మీద. పన్నెండు గంటలు నిలబడ్డవాడికి భోజనం పొట్లం రాకపోతే, సాయంత్రం జనం మీద విసుక్కునేది అతనే.

తరచూ అడిగే కొన్ని

పోలీసు కేసు ఉంటే అసలు అప్లై చేయకూడదా? చేయొచ్చు, దాచకూడదు. ఎంపిక చేయాలా వద్దా అన్నది కేసు స్వభావాన్ని బట్టి శాఖ నిర్ణయం.

లా డిగ్రీ ఉంటే మేలా? ఎంపికకు ఏ డిగ్రీ అయినా ఒకటే. ఉద్యోగంలో మాత్రం సెక్షన్లు చదవడానికి భయం ఉండదు. లేనివాళ్లు బీఎన్‌ఎస్‌ఎస్ తెలుగు అనువాదం దగ్గర పెట్టుకుని, రోజుకు ఐదు సెక్షన్లు చదివినా శిక్షణ అయ్యేలోపు పూర్తవుతుంది.

సీఐ ఒకటి, డీఎస్పీ ఇంకొకటి చెబితే? ఇద్దరి ఆదేశాన్నీ సమయంతో జీడీలోనో సీడీలోనో నమోదు చేసి, సీఐ గారికి చెప్పి, డీఎస్పీ గారిని స్పష్టత అడగండి. నోటిమాట మీద అరెస్టు చేయకండి, నోటిమాట మీద వదిలేయకండి.

బదిలీ ఎప్పుడైనా రావచ్చు. ఎస్‌హెచ్‌వోకు కనీసం రెండేళ్లు ఉండాలని 2006లో ప్రకాశ్ సింగ్ తీర్పు చెప్పినా, ఆరునెలలకే కదిలించడం మామూలే. కాబట్టి అయిదో మెట్టులోని జాబితాను ప్రతి నెలా ఒకటో తారీఖున మీ అంతట మీరే తిరగరాసి పెట్టుకోండి. ఆర్డర్ వచ్చిన రోజున తర్వాతి ఎస్‌ఐ చేతికి ఆ కాగితం ఇచ్చి, ఆయన ఎంతసేపు లెక్కపెట్టుకుంటానంటే అంతసేపు పక్కన నిలబడండి.